సుతిలి కట్టిన లంగరు

హైదరాబాదు వెళ్ళొచ్చానని చెప్తే మా కాకినాడలో ఎవరైనా ముందు అడిగేది చార్మినార్ చూశావా అని. చూడలేదు. ఆ తరవాత బిర్యానీ తిన్నావా అంటారు. అదీ తినలేదు. నాలుగు రోజులూ ఎల్బీ నగర్‌కీ దిల్‌సుఖ్‌నగర్‌కీ మధ్యనే తిరిగాను. అందులోనూ ఎక్కువసేపు సరూర్‌నగర్ చెరువు దగ్గరే గడిపాను. "ఇంటి ముందు సముద్రం పెట్టుకుని చెరువు చూడ్డానికి అంత దూరం వెళ్ళాలా?" అని మా ఆవిడ ఇప్పటికీ దెప్పుతూనే ఉంది. ఆవిడకి సగమే చెప్పాను. మిగతా సగం నేను చేసిన తప్పు గురించి. అది ఇక్కడ రాస్తున్నాను.

నాది తాళ్ళ వ్యాపారం. రేవు దగ్గర మా నాన్న పెట్టిన కొట్టు. వల తాళ్ళు, లంగరు మోకులు, పురికొసలు, తేలే బుడ్లు, అన్నీ దొరుకుతాయి. పడవలవాళ్ళకి తాడు అమ్మి ఊరుకోను, లంగరుకి కట్టి మరీ ఇస్తాను. ముప్పై ఏళ్ళలో నేను కట్టిన ముడి ఊడిపోయిందని ఒక్కడు కూడా కొట్టుకి తిరిగి రాలేదు. ఈ మాట రోజుకి రెండుసార్లయినా అంటానని మా ఆవిడ అంటుంది. నిజమే, అంటాను.

ఎల్బీ నగర్

తెలంగాణ ఉద్యమం మంచి వేడి మీదున్న రోజులు. మా చెల్లెలు వరలక్ష్మి భర్త ఆఫీసు పనిమీద బెంగుళూరు వెళ్ళాడు. "బందులంటున్నారు అన్నయ్యా, ఒక్కదాన్నే ఉండాలంటే బెంగగా ఉంది, నాలుగు రోజులు వచ్చి ఉండు" అని ఫోన్ చేసింది. కాజాలు రెండు కిలోలు కట్టించుకుని బస్సెక్కాను. విజయవాడ రోడ్డు మీదుగా వచ్చే బస్సులకి హైదరాబాదంటే ముందు ఎల్బీ నగరే. తెల్లారేసరికి అక్కడ దిగాను.

ఆటో అతను అరవై అడిగాడు, నేను నలభై అన్నాను. అక్కణ్ణుంచి మాటలు మొదలై వాళ్ళ అబ్బాయి చదువు దాకా వెళ్ళాం. ఇంటి ముందు దిగాక కూడా ఆ చదువు పూర్తికాలేదు. గుమ్మంలో నిలబడి మా చెల్లెలు కళ్ళతోనే సైగ చేస్తోంది. లోపలికి రాగానే అందుకుంది.

"అంతసేపు మాట్లాడాలా అన్నయ్యా? నోరు విప్పితే ఎక్కడివాళ్ళమో తెలిసిపోతుంది."

"తెలిస్తే ఏం చేస్తారే?"

"ఏమీ చెయ్యరు. పద్నాలుగేళ్ళయింది మేం వచ్చి, ఎవరూ ఒక్కమాట అనలేదు. అయినా ఈమధ్య నాకే అదోలా ఉంటోంది. కూరల బండి దగ్గర కూడా తక్కువ మాట్లాడుతున్నాను."

ఆ మాటకి నా మనసు చివుక్కుమంది. చిన్నప్పుడు దాని నోటికి దడిసి మా వీధిలో పేకాట రాయుళ్ళు కూడా సర్దుకు లేచేవారు. అలాంటిది బేరమాడటం మానేసిందంటే ఎంత దిగులు పెట్టుకుందో అర్థమైంది. కాజా ఒకటి దాని చేతిలో పెట్టి, సాయంత్రం ఇద్దరం బజారుకి వెళ్దాం అన్నాను.

దిల్‌సుఖ్‌నగర్

ఆ బజారులో నడవడం అంటే మనం నడవం, జనమే మనల్ని నడిపిస్తారు. గాజులు, చెప్పులు, బట్టలు, పుస్తకాలు. కోచింగ్ సెంటర్ల నుంచి వందలకొద్దీ పిల్లలు సంచులు తగిలించుకుని ఒక్కసారిగా బయటికొస్తారు. ఉద్యోగం ఇప్పిస్తామని రాసిన బోర్డుల మధ్య తెలంగాణ కావాలని రాసిన బేనర్లు. ఒకే చాయ్ బండి దగ్గర "ఏంది సంగతి" అనేవాడూ "ఏంటి విషయం" అనేవాడూ పక్కపక్కన నిలబడి తాగుతున్నారు. ఇరానీ చాయ్ ఏడు రూపాయలు. మొదటి గుక్కకి పాయసంలా ఉందనిపించి ముఖం చిట్లించాను. నాలుగో రోజుకి పొద్దున్నే దానికోసం కాళ్ళు వాటంతటవే బజారుకి నడిచాయి.

బజారు పక్క సందులో రెండు తట్టలు పెట్టుకుని చేపలమ్మే సత్తెమ్మ దగ్గరికి మా చెల్లెలు తీసుకెళ్ళింది. నలభై అయిదేళ్ళుంటాయి. ఒక చేత్తో చేపని పట్టుకుని, కత్తిపీటని పాదంతో నొక్కి, మనతో మాట్లాడుతూనే ముక్కలు కొట్టేస్తుంది.

"ఎవరక్కా ఈ అన్న? ఎన్నడు సూడలే."

"మా అన్నయ్య. కాకినాడ నుంచి వచ్చాడు." కాకినాడ అన్నప్పుడు చెల్లెలి గొంతు తగ్గింది.

సత్తెమ్మ గొంతు తగ్గలేదు. "కాకినాడనా? గాడ సముద్రమే ఉంటదంట గదా. మరి నా చెరువు చాపలు నీ కంటికి ఆన్తయా అన్నా?"

మా దగ్గర చేపలు కుప్పలేసి, కుప్పకింత అని బేరమాడతాం. ఇక్కడ కిలోల్లెక్క. కొరమేనుని కొర్రమట్ట అంటారు. తట్ట అడుగున ఒకటి ఇంకా కదులుతోంది. ఇవ్వమన్నాను. ఇవ్వనంది.

"అది ఎల్లుండికి. ఎల్లుండి మిరుగం గదా."

మృగశిర కార్తె మొదలయ్యే రోజుని అక్కడ మిరుగం అంటారు. ఆ రోజు చేప తినని ఇల్లుండదట. తింటే వానాకాలం దగ్గూ ఆయాసం దగ్గరికి రావని నమ్మకం. మాకు అలాంటి రోజేం లేదండి, మేం రోజూ తింటాం అన్నాను.

"రోజు తింటె ఇగ పండుగేముంది?" అని నవ్వింది సత్తెమ్మ. "మాకైతే ఏడాదికి ఒక్క మిరుగమే. గీ సారి బంద్‌లు గూడ ఒచ్చినయ్, ఆంధ్ర లారీలు రావంటున్నరు. చెరువు చాపకే గిరాకి. గా ఒక్క పొద్దు మంచిగ అమ్మితె కొత్త వలలు కొనుక్కుంటం. తప్పితె మల్ల ఏడాది దాక చిరిగినవే."

నా వృత్తి సంగతి మా చెల్లెలు చెప్పనే చెప్పింది. సత్తెమ్మ కత్తిపీట ఆపేసింది. "తాళ్ళ దుకాణమా? మా ఆయన పడవ తాడు పాతదైంది. మూన్నెల్ల సంది చెప్తున్న, ఇనడు. రేపు చెరువుకాడికి ఒచ్చి జర సూడరాదు అన్నా. నీ అసుంటోడు చెప్తె ఇంటడు."

నా అసుంటోడు అనేసరికి నేను ఉబ్బిపోయాను. తప్పకుండా వస్తానమ్మా అన్నాను.

చెరువు గట్టు

మర్నాడు బంద్. ఎల్బీ నగర్ నుంచి చెరువుకి నడిచే వెళ్ళాను. రోడ్డంతా ఖాళీ. కొత్తపేట పళ్ళ మార్కెట్ దగ్గర మూసిన షట్టర్ల వెనకనుంచి మామిడిపళ్ళ వాసన మాత్రం బందు పాటించకుండా వచ్చేస్తోంది. చెల్లెలు చెప్పినట్టే నోరు మూసుకుని అక్కడిదాకా వచ్చాను. ఒక మూల చాటుగా బండి పెట్టుకున్నతను కనిపించేసరికి ఉండబట్టలేక డజను ఎంత బాబూ అని అడిగేశాను. అతను కిలోల్లెక్క చెప్పాడు. నా యాస అతను పట్టించుకోలేదు. రెండు కిలోలు కొన్నాను.

సరూర్‌నగర్ చెరువు పెద్దదే. చుట్టూ మేడలు, ఒక పక్కంతా గుర్రపుడెక్క. నీళ్ళ వాసన గురించి అబద్ధం చెప్పను, ముక్కు మూసుకోవాల్సిందే. గంట ఉంటే అలవాటవుతుంది. గట్టు పక్కన తుప్పు పట్టిన ఇనప చువ్వల చట్రాలు కుప్పలుగా పడున్నాయి. నిమజ్జనం చేసిన వినాయకుళ్ళ లోపలి ఎముకలన్నమాట. మట్టీ సున్నం కరిగిపోగా అవి మిగిలాయి. చూసి దణ్ణం పెట్టుకున్నాను గానీ, నీళ్ళ అడుగున ఇంకెన్ని ఉన్నాయో అన్న ఆలోచన నాకు రాలేదు.

యాదయ్య పడవలో కూర్చుని వల బాగుచేసుకుంటున్నాడు. సన్నటి మనిషి, తెల్లటి గడ్డం, మెడలో తువ్వాలు. పన్నెండడుగుల ఫైబర్ పడవ, మొత్తం అతుకులే.

"యాదయ్యగారంటే మీరేనాండి?"

"యాదయ్యనే. గారు గీరు ఏందన్నా. సత్తెమ్మ చెప్పింది, తాళ్ళ సేటు ఒస్తడని."

"ఆయ్, నేనేనండి."

ఆయ్ అనడం అతనికి భలే నచ్చింది. తనలో తనే రెండుసార్లు అనుకుని చూసుకున్నాడు. మామిడిపండు ఒకటి ఇస్తే పడవ అంచు మీదే కూర్చుని తిన్నాడు. మధ్యాహ్నం మూడు వలలు వేస్తాడట, రేపు తెల్లారి తీస్తాడట. రెండు నడిమధ్యన, ఒకటి అవతల తుంగ దగ్గర. కొర్రమట్టలు తుంగ దగ్గరే పడతాయి, అడిగినవాళ్ళకి ముందే మాటిచ్చేశాడు. వల వేసేటప్పుడు పడవ సాగుతూనే ఉంటుంది గానీ, తియ్యాలంటే కదలకుండా ఉండాలి, గాలికి పడవ కొట్టుకుపోయి వల మీద పడితే చిక్కు తియ్యడానికే పొద్దు సరిపోతుంది. అందుకే లంగరు.

ఇంతలో గట్టు మీంచి సత్తెమ్మ పిలిచింది. రోడ్డు మీద వంటావార్పూ మొదలైంది, బియ్యం గిన్నె మొయ్యాలి. ఉద్యమంలో అదొక పద్ధతి. రోడ్డుకి అడ్డంగా పొయ్యిలు పెట్టి, అక్కడే వండి, అక్కడే అందరూ తింటారు.

"అన్నా, జర తాడు సూస్తుండు. గంటల ఒస్త" అని యాదయ్య వెళ్ళిపోయాడు.

తాడు చూశాను. సత్తెమ్మ బెంగపడ్డంత పాతది కాదు, చివర రెండు బారలు మాత్రం నలిగింది. అది కోసెయ్యడానికి పడవ ముందు భాగంలో గోనెపట్టా కింద ఉన్న లంగరు బయటికి లాగాను. లాగి, అలాగే నిలబడిపోయాను.

నాలుగు కొక్కేల లంగరు, చువ్వలు వంచి చేసింది. దానికి తాడు ఎక్కడ కట్టాలి? పైన కడియానికి కట్టాలి. ఈ మహానుభావుడు అడుగున, కొక్కేలు కలిసేచోట కట్టాడు. అక్కణ్ణుంచి తాడుని కాడ వెంబడి పైకి తీసుకొచ్చి, కడియం దగ్గర మాత్రం పురికొసతో రెండు చుట్లు చుట్టి వదిలేశాడు. వాళ్ళు సుతిలి అంటారు, కిరాణా పొట్లాలకి కట్టేది. వేలితో గట్టిగా లాగితే తెగేట్టుంది. ఈ సుతిలిని నమ్ముకునా ఈ మనిషి నీళ్ళమీద కూర్చుంటున్నది? పాపం చెప్పేవాళ్ళు లేక ఇలా కట్టుకున్నాడు అనుకున్నాను. సరిగ్గా ఈ మాటే అనుకున్నాను, దాచను.

సుతిలి కోసి నీళ్ళలో పారేశాను. అడుగున ముడి విప్పి, నలిగిన రెండు బారలూ కోసేశాను. తరవాత మా రేవులో కట్టినట్టు కట్టాను. కొసని కడియంలోంచి రెండుసార్లు దూర్చాలి, ఒక్కసారయితే తాడు ఒకేచోట ఒరుసుకుని నలుగుతుంది. ఆ కొసని అసలు తాడు మీదుగా తిప్పి, కడియాన్ని చుట్టిన ఆ రెండు చుట్ల కిందుగా తీసి లాగాలి. ఎంత బరువు పడితే ఆ చుట్లు కొసని అంత నొక్కి పట్టుకుంటాయి. ఆ పైన అసలు తాడు మీద మరో ముడి. మిగిలిన జానెడు కొసని అసలు తాడుకి ఆనించి సన్న నైలాను దారంతో బిగించి చుట్టేస్తే ఇక అది ఊడే ప్రశ్నే లేదు. దారమూ చిన్న చాకూ నా జేబులో ఎప్పుడూ ఉంటాయి. కాలుతో లంగరుని తొక్కి, రెండు చేతులా లాగి చూసి, మళ్ళీ గోనెపట్టా కింద పెట్టాను.

రోడ్డు మీద భోజనం

సత్తెమ్మే వచ్చి పిలిచింది. "అన్నా, తిందువు రా. పడవ యాడికి పోదు."

విజయవాడ హైవే మీద, రోజూ లారీలు పరిగెత్తే చోట, బాసింపట్టు వేసుకుని బంతిలో కూర్చున్నాను. అన్నం, పప్పు, పచ్చిపులుసు. పచ్చిపులుసు అంటే చింతపండు రసాన్ని కాచకుండా ఉల్లిపాయ, పచ్చిమిర్చి వేసి పోస్తారు. మా ఇంట్లో పులుసంటే గంట మరగాలి. ఇదేంటి పచ్చిది అనుకుంటూనే రెండోసారి పోయించుకున్నాను. అప్పుడే మా వరసకి అటూ ఇటూ నినాదాలు మొదలయ్యాయి. అందరూ పిడికిలెత్తారు. నేనేం చెయ్యాలో తెలియలేదు. నోట్లో ముద్ద ఉండటం ఎంత మేలు చేసిందో చెప్పలేను.

సత్తెమ్మ నా విస్తరి ముందు ఆగింది. "ఉప్పు సరిపోయిందా అన్నా? సముద్రమోల్లు, మీకు జర ఎక్కువ పడాలె గదా."

పక్కన కూర్చున్న యాదయ్య అడిగాడు. "తాడు మంచిగుందా?"

"బాగుందండి. నలిగిన కొస కోసేసి మళ్ళీ కట్టాను."

కట్టానన్నాను గానీ ఎలా కట్టానో చెప్పలేదు. రేపు తనే చూసుకుని, ఇదెవరు నేర్పారన్నా అని అడుగుతాడని నా ఆశ.

"రేపు పొద్దుగాల నువ్వు గూడ రా" అన్నాడు యాదయ్య. "లంగరు నువ్వెయ్యి."

మిరుగం పొద్దున

తెల్లారుతూనే పడవలో ఉన్నాం. యాదయ్య వెనక నిలబడి వెదురుగడతో తోస్తున్నాడు, నేను ముందు. చెరువు మధ్యకి రాగానే లంగరు వెయ్యమన్నాడు. వేశాను. వెంటనే పట్టింది. తాడు తీగలా బిగిసింది. పడవ అంగుళం కదలలేదు. యాదయ్య మెచ్చుకోలుగా తలాడించాడు. నేను వెనక్కి తిరిగి మీసం దువ్వుకున్నాను.

రెండు వలలూ తీశాం. రవ్వలు, బొచ్చెలు, చేతినిండా చిన్నవి. పడవ సగం నిండింది. ఇంతలో పడమటి వైపు మబ్బు ముసిరి గాలి మొదలైంది. మిరుగం రోజు వాన రాకపోతేనే వింత అన్నాడు యాదయ్య. "జల్ది పోదాం. తుంగకాడి వల మిగిలింది. అసలు మాలు ఆడనే ఉంటది. లంగరు తియ్యన్నా."

లాగాను. రాలేదు. రెండు కాళ్ళూ తన్నిపెట్టి లాగాను. కదల్లేదు.

"సువ్వలల్ల పడ్డదిలే" అన్నాడు యాదయ్య తాపీగా, వల మడతపెడుతూ. "ఏం కాదు. జర జోర్‌గ గుంజు. సుతిలి తెగుతది, ఎన్క నుంచి ఒస్తది."

అప్పుడర్థమైంది. చెరువు అడుగంతా వినాయకుళ్ళ చువ్వలే. కొక్కేలు వాటిలో చిక్కుకుంటే పైనుంచి ఎంత లాగినా ఇంకా బిగుస్తాయి. సుతిలి తెగితే లాగుడు లంగరు అడుగు నుంచి పడుతుంది, కొక్కేలు వెనక్కి జారి బయటికొచ్చేస్తాయి. ఆ సుతిలి తెగడం కోసమే ఉంది. మా సముద్రంలో ఇసక, బురద. తెగాల్సిన దారం మా రేవులో ఎవడికీ అక్కర్లేదు. నాకు తెలిసింది నా రేవే.

చెప్పాలి. అయినా సిగ్గుతో మళ్ళీ లాగాను. గాలి పెరిగింది. అల పడవ ముందు భాగం మీద కొట్టింది. తాడు కిందికి పట్టేసి ఉండటంతో ముందు పైకి లేవలేక నీళ్ళు లోపలికొచ్చాయి. యాదయ్య సాయం చెయ్యడానికి ముందుకి రాబోయాడు. ఇద్దరి బరువూ ఒకేచోట పడితే పడవ మునుగుతుంది. చేపలు పోతాయి, వలలు పోతాయి, ఏడాదంతా ఎదురుచూసిన రోజు పోతుంది.

"రాకండి యాదయ్యగారూ" అన్నాను. "సుతిలి లేదు. నేను తీసేశాను. తాడు కడియానికే కట్టాను. అది తెగదు, ఊడదు."

అతను ఆగిపోయాడు. నావైపు చూశాడు. తిడితే బాగుండునని కోరుకున్నాను. తిట్టలేదు. వెనక నుంచి వంకీ కత్తి నా చేతికందించి, "కొయ్యి" అన్నాడు.

కోశాను. లంగరు ఉన్నచోటే ఉండిపోయింది. తరవాత వెతుక్కోవడానికి గుర్తుగా యాదయ్య తాడు కొసకి ఖాళీ డబ్బా కట్టి నీళ్ళలో వదిలాడు. పడవ ఒక్కసారిగా గాలికి పక్కకి తిరిగింది.

"ఇగ లంగరు లేదు" అన్నాడు యాదయ్య. "తుంగకాడి వల తియ్యాలంటే పడవ నిలవడాలె. నువ్వే లంగరు. వెదురు పట్టు."

తుంగ దగ్గర నీళ్ళు లోతు తక్కువ. వెదురుగడ బురదలోకి దించి, దానికి నా పొట్ట ఆనించి, రెండు చేతులా పట్టుకుని నిలబడ్డాను. వాన మొదలైంది. పడవ నన్ను లాగుతోంది, గడ నన్ను తోస్తోంది, మధ్యలో నేను. గంటకి తక్కువ కాదు. అరచేతులు బొబ్బలెక్కి పగిలిపోయాయి. యాభై ఎనిమిదేళ్ళ వయసులో అంతసేపు ఊపిరి బిగపట్టి నిలబడింది లేదు. యాదయ్య వల తీస్తున్నాడు. కొర్రమట్ట ఒక్కొక్కటి పడవలో పడుతుంటే చప్పుడు విని లెక్కపెట్టుకున్నాను. పదకొండు.

గట్టు మీద అమ్మకం

వాన వెలిసేసరికి గట్టు నిండా జనం. సంచులు పట్టుకుని, స్కూటర్ల మీద, గొడుగులతో. మా చెల్లెలూ వచ్చింది. సత్తెమ్మ పడవలోకి తొంగి చూసి ముందు చేపలు చూసింది, తరవాత ముందు భాగం చూసింది.

"లంగరేది?"

యాదయ్య వినపడనట్టు తట్ట దించుతున్నాడు. నేను చెప్పకపోతే అతను చెప్పేట్టు లేడు. అంతమంది ముందు చెప్పాను. "నేనే పోగొట్టానమ్మా. యాదయ్యగారు కట్టింది తప్పనుకుని నేను విప్పేసి గట్టిగా కట్టాను. చువ్వల్లో చిక్కుకుంది."

మా చెల్లెలి ముఖం పాలిపోయింది. అక్కడున్నవాళ్ళలో ఒకరిద్దరు నావైపు తిరిగి చూశారు. ఈ రోజుల్లో, ఈ యాసతో, ఈ మాట చెప్పడం ఎంత తెలివితక్కువో అప్పుడు తోచింది. సత్తెమ్మ నడుం మీద చెయ్యి వేసుకుని మొగుడి వైపు తిరిగింది.

"సుతిలి ఎందుకు కట్టినవో జెప్పకపోతివా?"

"అడిగితె చెప్పకపోదునా" అన్నాడు యాదయ్య. "అడగలే."

ఇంతే అన్నాడు. గొంతు పెంచలేదు. ఆ రోజు అతను నాతో అన్న కఠినమైన మాట అదొక్కటే. బొబ్బల మంట సాయంత్రానికి తగ్గింది గానీ, ఆ మాట ఇప్పటికీ కొట్లో ఒంటరిగా కూర్చున్నప్పుడు గుర్తొచ్చి తల దించుకుంటాను.

తరవాత ఎవరికీ ఆలోచించే తీరిక లేదు. సత్తెమ్మ చేపలు కొడుతోంది, యాదయ్య తూస్తున్నాడు, నేను పగిలిన చేతులతో సంచులు పట్టుకుంటున్నాను. కాసేపటికి చూస్తే మా చెల్లెలు కొంగు బిగించి తక్కెడ పక్కన నిలబడింది. "ఏవండోయ్, వరసలో రండి, అందరికీ ఉన్నాయి. మీరు ఇందాకే వచ్చారు కదండీ, మళ్ళీ ఎందుకు తోసుకొస్తున్నారు?" అని మా కాకినాడ గొంతుతో చెరువంతా వినపడేలా అరుస్తోంది. జనం నవ్వుతూ వరసలో నిలబడుతున్నారు. నాకు కళ్ళు చెమర్చాయి. పదకొండు కొర్రమట్టలూ మాటిచ్చిన ఇళ్ళకే వెళ్ళాయి.

నాలుగో రోజు

బస్సులు తిరుగుతున్నాయన్నారు. సాయంత్రానికి టికెట్ దొరికింది. పొద్దున్నే చెరువుకి వెళ్ళాను. డబ్బా కట్టిన చోట రెండు పడవలవాళ్ళు కలిసి లాగి చూశారట. రాలేదు. అదింకా అక్కడే ఉందనుకుంటాను. నేను కట్టిన ముడి కదా, ఊడదు.

కొత్త లంగరు కొనిస్తానన్నాను. యాదయ్య నన్ను గట్టు పక్కన చువ్వల కుప్ప దగ్గరికి తీసుకెళ్ళాడు. "కొనుడేంది? పాతది గూడ గీ సువ్వలతోనే చేసిన." నాలుగు చువ్వలు ఏరి, భుజాన వేసుకుని, వెల్డింగు షాపుకి నడిచాం. వెల్డింగు డబ్బులు నన్నివ్వనివ్వలేదు, చాయ్ మాత్రం తాగించనిచ్చాడు. చువ్వలు వంచుతుంటే పక్కన కూర్చుని కాకినాడ గురించి అడిగాడు. సముద్రం అడుగున ఏముంటది, గాలి ఎటునుంచి ఒస్తది, లంగరు ఎంత బరువుంటది. ఒక్కోటీ అడిగి, పూర్తిగా విని, ఆ తరవాతే ఇంకోటి అడిగాడు. ఇన్నాళ్ళూ నేను ఎవరినైనా ఇలా అడిగానా అని ఆలోచిస్తే ఒక్కసారి కూడా గుర్తు రాలేదు.

చల్లారాక లంగరుని పడవ దగ్గరికి తెచ్చాం. పొద్దున కొనుక్కొచ్చిన కొత్త తాడు పక్కన పెట్టుకుని యాదయ్య కూర్చున్నాడు. ఇక కట్టడం మొదలుపెడతాడనుకుని దూరంగా జరిగాను. అతను తాడు కొస నావైపు చాపాడు.

"గట్టిగ కట్టుడు నీకెరుకే. కట్టు."

లంగరు అడుగున, కొక్కేలు కలిసేచోట, నాకు తెలిసిన ముడే వేశాను. దారంతో కొస బిగించాను. తాడుని కాడ వెంబడి కడియం దాకా తెచ్చి అక్కడ ఆగాను. యాదయ్య జేబులోంచి సుతిలి ఉండ తీసి నా ఒళ్ళో పడేశాడు. దాని కొస పట్టుకున్నాను గానీ చుట్టలేదు.

"ఎన్ని చుట్లు వెయ్యమంటారు?" అని అడిగాను.

యాదయ్య నావైపు చూశాడు. నిన్నటి నుంచి మొదటిసారి నవ్వాడు.

"రెండు చాలన్నా" అన్నాడు.

రెండే వేశాను.